జోన్ మార్పు విచారణకు వెళ్లే ముందు వేసుకోవాల్సిన లెక్కలు

మీ పేటను ఎక్కువ ఇళ్లకు వీలిచ్చే జోన్‌గా మారుస్తారన్న కబురు రాగానే చేతులు మారేది కట్టబోయే భవనం బొమ్మ. అందులో నీలాకాశం, పచ్చని చెట్లు, బాల్కనీల్లో కుండీలు ఉంటాయి. ఒప్పుకునేవాళ్లు దాన్ని చూసి మురిసిపోతారు, వద్దనేవాళ్లు దాన్ని చూసే మండిపడతారు. ముందు దాన్ని పక్కన పెట్టండి. జోన్ మారాక బొమ్మలోని స్థలం మరొకరి చేతికి పోయినా కొత్త నిబంధనల పట్టిక అక్కడే ఉంటుంది. కొన్నవాళ్లు అది ఎంత వరకు ఒప్పుకుంటే అంత వరకు కడతారు. అందుకే వాదన ఎప్పుడూ పట్టికతోనే పెట్టుకోవాలి.

ప్రణాళికా కార్యాలయం నుంచి పాత పట్టిక, కొత్త పట్టిక రెండూ తెచ్చుకుని పక్కపక్కన పెట్టండి. చూడాల్సినవి ఫ్లోర్ ఏరియా రేషియో (అన్ని అంతస్తుల మొత్తం వైశాల్యం ప్లాటుకు ఎన్ని రెట్లు), కవరేజీ (ప్లాటులో భవనం కప్పగలిగే నేల శాతం), ఎత్తు, సెట్‌బ్యాక్ (హద్దు నుంచి వదలాల్సిన ఖాళీ), పార్కింగ్. ఇవి ఒకదాన్నొకటి బిగిస్తాయి. విడివిడిగా చదివితే ఏమీ అర్థం కావు. అసలు పగ్గం ఏ అంకె చేతిలో ఉందో పట్టుకోవడమే ఇక్కడి కిటుకు.

ఉదాహరణకు 25 మీటర్ల వెడల్పు, 40 మీటర్ల లోతు ఉన్న 1,000 చదరపు మీటర్ల ప్లాటు తీసుకుందాం. ముందూ వెనకా 6 మీటర్లు, పక్కలకు 4 మీటర్ల చొప్పున వదిలితే 17 × 28, అంటే 476 చదరపు మీటర్లు మిగులుతుంది. కానీ కవరేజీ 40 శాతమే అయితే 400 దాటకూడదు. కాబట్టి ఇక్కడ సెట్‌బ్యాక్ గురించి గంటసేపు కొట్లాడినా భవనం పరిమాణం అంగుళం కూడా మారదు. రేషియో 1.5 అయితే మొత్తం కట్టగలిగేది 1,500 చదరపు మీటర్లు. మెట్లు, లిఫ్టు, వరండాలు, గోడలకు ఐదో వంతు తీసేస్తే 1,200. ఒక్కో ఫ్లాటు 75 చదరపు మీటర్లనుకుంటే 16 ఫ్లాట్లు. ప్లాటు కొలతలు, పట్టికలోని అంకెలు మార్చి మీ వీధికి ఇదే లెక్క వేసుకోండి.

ఇప్పుడు కార్లు. ఫ్లాటుకు ఒకటిన్నర చొప్పున పార్కింగ్ తప్పనిసరి అయితే 24 కార్లు. ఒక్కో కారుకు, అది మళ్లడానికి కావాల్సిన దారితో కలిపి, 28 చదరపు మీటర్లు వేసుకోండి. మొత్తం 672. అదే 1,500ను 400 చొప్పున నాలుగంతస్తులుగా పరిస్తే (పై అంతస్తు కాస్త చిన్నది) ఖాళీ నేల 600 మాత్రమే. కార్లు పట్టవు, ఇక భవనాన్ని స్టిల్ట్ మీద, అంటే కింద కార్లకు చోటు వదిలి స్తంభాల మీద, లేపాలి. చాలాచోట్ల స్టిల్ట్‌ను రేషియోలో లెక్కించరు గనక భవనం ఒక అంతస్తు మేర పెరుగుతుంది. అదే 250 చొప్పున ఆరంతస్తులు కడితే ఖాళీ నేల 750, కార్లు పోగా 78 మిగులుతుంది. రెండు చెట్లకు చోటన్నమాట. ‘ఎత్తు తగ్గించండి’ అని పట్టుబట్టే ముందు ఇది చూసుకోవాలి. ఫ్లాట్లు తగ్గవు, నేల తగ్గుతుంది. పార్కింగ్‌ను ఫ్లాటుకు ఒకటికి దించమని అడగడం చాలాసార్లు ఇంతకంటే మేలు, కానీ ఆ మాట విచారణ సభలో ఎవరికీ రుచించదు.

ఎత్తుకు అసలు వెల నీడ. సూర్యుడు 30 డిగ్రీల ఎత్తులో ఉన్నప్పుడు 12 మీటర్ల భవనం నీడ దాదాపు 21 మీటర్లు, 18 మీటర్ల భవనానిది 31. 45 డిగ్రీల దగ్గర నీడ, ఎత్తు సమానం. ఉత్తరార్ధగోళంలో డిసెంబరు 21 మధ్యాహ్నం సూర్యుడి ఎత్తు కావాలంటే 90 నుంచి మీ అక్షాంశాన్ని, 23.4ను తీసేయండి. మన పెరట్లో ఎండ పోతుందని ఊరికే అనడం కంటే ‘ఉత్తరాన ఉన్న ఇంటి కింది కిటికీ మధ్యాహ్నం నీడలో ఉంటుంది’ అని కొలత చూపిస్తే అధికారి రాసుకుంటాడు.

ట్రాఫిక్ విషయంలో రెండు పక్షాలూ అతి చేస్తాయి. కార్ల మీద నడిచే ఊళ్లలో సాయంత్రం రద్దీ గంటకు ఫ్లాటుకు సుమారు అర ట్రిప్పు వేసుకోవచ్చు. 16 ఫ్లాట్లకు 8 బండ్లు, అంటే ఏడున్నర నిమిషాలకు ఒకటి. ఒక్క భవనంతో వీధి స్తంభించదు. వీధంతా అలాగే కడితే ఏమవుతుందన్నదే సరైన ప్రశ్న. జోన్ వీధంతటికీ మారుతోంది కాబట్టి గేట్లన్నీ ఒకే మలుపు దగ్గర తెరుచుకుంటాయా అన్నది చూడాలి.

సమర్థించేవాళ్లూ పట్టికే చదవాలి. అమెరికాలోని మినియాపోలిస్ 2020లో ఒక్క ఇంటి ప్లాట్లలో మూడిళ్ల వరకు అనుమతించింది. భవనం పరిమాణం మీద పాత హద్దులు చాలావరకు అలాగే ఉండటంతో అలాంటివి బహు కొద్దిగానే వచ్చాయి. న్యూజిలాండ్‌లోని ఆక్లండ్ 2016లో నివాస భూమిలో సుమారు ముప్పావు వంతుకు పరిమాణమే పెంచింది. నిర్మాణ అనుమతులు బాగా పెరిగాయి. ఇళ్ల సంఖ్య పెంచి రేషియోను ముట్టుకోకపోతే కాగితం మీద జోన్ మారుతుంది, అంతే.

ఇక ప్రణాళికా కార్యాలయానికి రాసే ఉత్తరం. ఒక పేజీ చాలు. ప్రతిపాదన నంబరు, ఏ నిబంధన, దాని బదులు ఏ అంకె, ఎందుకు. ఇంటి ధర పడిపోతుందన్న మాట చాలాచోట్ల ప్రణాళికా కారణంగా చెల్లదు. ‘అద్దెవాళ్లు వస్తారు’ అన్నది రాస్తే మిగతా మంచి పాయింట్లు కూడా మునుగుతాయి. ఒకే నమూనా మీద వంద సంతకాలు పెట్టిస్తే తరచూ ఒకే అభ్యంతరంగా కట్టేస్తారు. పది ఇళ్లవాళ్లు పది కొలతలతో రాయడం నయం.

సభలో మాట్లాడటానికి సాధారణంగా రెండు మూడు నిమిషాలే ఇస్తారు. ముగ్గురు పంచుకోండి: ఒకరికి నీడ, ఒకరికి పార్కింగ్, ఒకరికి గేటు. చాలాచోట్ల విచారణలో నమోదు కాని అంశాన్ని అప్పీలులో ఎత్తనివ్వరు. కాబట్టి నోటితో చెప్పినదాన్ని గడువు లోపలే రాతలో కూడా ఇచ్చి, తేదీ ముద్ర వేయించిన నకలు దగ్గర పెట్టుకోండి.