చాటుపద్యంలో కౌలు లెక్క చదవడం ఎలా

రాజ్యం కూలితే జనం బతుకు ఎలా చితుకుతుందో చూడాలంటే గుంటూరు, బెజవాడ పాఠకులకు దగ్గరి దారి శ్రీనాథుడి పేరిట నిలిచిన ‘కవిరాజు కంఠంబు కౌగిలించెను గదా’ సీసపద్యం. కౌలుకు తీసుకున్న పొలంలో పంట పోయి, కౌలు కట్టలేక కవి శిక్ష అనుభవించిన గోడు ఇది. ముందు కాలం ఖాయం చేసుకోండి. సుమారు 1424లో కొండవీటి రెడ్ల పాలన ముగిసింది. ఈ పద్యం ఆ తర్వాతి ముసలితనానిదని వాడుక.

పద్యాన్ని కింది నుంచి చదవండి. లెక్కంతా చివరి నాలుగు పాదాల్లోనే ఉంది. నోటుబుక్కులో రెండు గడులు గీసి, ఒకదానికి ‘రాబడి’, రెండోదానికి ‘కట్టుబడి’ అని పేరు పెట్టండి. రాబడిలో ఫలం కృష్ణవేణమ్మ, అంటే కృష్ణానది, పాలయింది, తిలలు (నువ్వులు), పెసలు బిలబిలాక్షులు, అంటే పిట్టలు, తినేశాయి. కట్టుబడిలో ‘టంకంబు లేడునూర్లు’, 700 టంకాలు (ఆనాటి నాణేలు). ఎడమ గడి ఖాళీ అయినా కుడి గడిలో ఒక్క టంకం తగ్గలేదు. అసలు విషయం ఇదే. కౌలు పంటలో పాలుగా ఉంటే నష్టంలో సర్కారుకూ వాటా ఉండేది, నగదు కౌలులో మొత్తం సాగుదారు నెత్తిన పడింది.

ఇప్పుడు పైపాదాలకు వెళ్లండి. శ్రీనాథుడి ప్రతి బిరుదు పక్కనా ఒక శిక్ష ఉంటుంది: కవిసార్వభౌముడి భుజాన నల్లగుండు (నల్లరాతి బండ), ఆంధ్రనైషధకర్త కాళ్లకు సంకెళ్లు. కొలువులో చెల్లిన పేరు పన్ను వసూలు దగ్గర చెల్లలేదు.

ఎక్కువమంది తప్పేది మూడు చోట్ల. టంకాన్ని నేటి రూపాయల్లోకి మార్చకండి, ఆ లెక్క నిలబడదు. నేటి వరి డెల్టాను ఊహించుకోకండి, బెజవాడ ఆనకట్ట పూర్తయింది 1855లో, పద్యంలో వరి పేరే లేదు. చాటువు నోటినుంచి నోటికి వచ్చింది కాబట్టి కనీసం రెండు ముద్రణల పాఠం పోల్చండి, ఆ కాలపు శాసనాలతో సరిచూడండి. ఒక్క కవి కష్టాన్ని ప్రాంతమంతటికీ అంటగడితే వాదన కూలుతుంది. అయితే శాసనాల్లో దానాలు, పన్నులు దొరుకుతాయి గానీ, కట్టలేనివాడి గొంతు దొరకడం అరుదు. అందుకే ఈ పద్యం మనకంత విలువైనది.

చివరగా పోషకుల మరణాలు చెప్పే ‘కాశికా విశ్వేశు గలిసె వీరారెడ్డి’ పద్యం పక్కన పెట్టుకోండి. రత్నాంబరాలు దాటి ‘దినవెచ్చ మేరాజు దీర్పగలడు’ దగ్గర ఆగండి. దినవెచ్చం అంటే ఏ రోజు ఖర్చు ఆ రోజుకు. రెండూ కలిపి చదివితే వరస తెలుస్తుంది: ముందు దినవెచ్చం ఆగింది, తర్వాత కౌలుకు దిగాల్సివచ్చింది.