ఇంటికి సీసీ కెమెరాలు – మూడో పాఠం: వైరు లాగడం, కరెంటు అందించడం

కిందటి పాఠంలో నాలుగు కెమెరాలకు చోట్లు ఖాయం చేసుకున్నాం: గేటు, పోర్టికో, మెట్లు, పెరటి చివర మోటారు గది. కెమెరాల బొమ్మను రికార్డు చేసే పెట్టె డీవీఆర్‌ను లోపలి గదిలో అటక మీద పెడదామనుకున్నాం. ఈసారి పని వైరుది. పగలు బొమ్మ అద్దంలా వచ్చి, చీకటి పడగానే ఆరిపోయి మళ్ళీ వెలిగే కెమెరాను పాడైందనుకుని మార్చేస్తుంటారు. చాలాసార్లు కెమెరా బాగానే ఉంటుంది, దానికి కరెంటు చాలడం లేదంతే. అదెందుకో తెలియాలంటే ముందు కొలతలు తీయాలి.

పురికొస తీసుకుని వైరు నడిచే దారిలోనే పరచి కొలవండి. గోడెక్కి దిగే ఎత్తు, మూలల వంపు కూడా లెక్కలోకి రావాలి. మన ఉదాహరణలో గేటుకు 18 మీటర్లు, పోర్టికోకు 9, మెట్లకు 14, మోటారు గదికి 50. మొత్తం 91. ప్రతి కొసకూ ఒక మీటరు అదనంగా వదిలితే 99. బజారులో దొరికే 3+1 కేబుల్ చుట్ట మామూలుగా 90 మీటర్లు. తొమ్మిది మీటర్లేగా అని మధ్యలో అతుకు వేయొద్దు, రెండో చుట్ట కొనండి. వానలు మొదలయ్యాక చెమ్మ పట్టేది ముందు ఆ అతుకుకే. కోసేటప్పుడు పొడవైన ముక్కను మొదట కోయాలి.

3+1 అంటే బొమ్మ మోసే కోయాక్సియల్ వైరు ఒకటి, కరెంటుకు సన్న తీగలు మూడు. కొనేముందు సన్న తీగ కొసను బ్లేడుతో గీకి చూడండి. లోపలిదాకా ఎర్రగా ఉంటే రాగి. పైన ఎరుపు, లోపల తెలుపు అయితే అల్యూమినియానికి రాగి పూత. అయస్కాంతానికి అంటుకుంటే లోపల ఇనుము. ధరలో తేడా ఎందుకో అక్కడే తెలిసిపోతుంది.

ఇప్పుడు మోటారు గది లెక్క చూద్దాం. అటక దగ్గర బయలుదేరేది 12 వోల్టులు. 0.25 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగకు మీటరుకు సుమారు 0.07 ఓం నిరోధం. 50 మీటర్లు వెళ్ళి, 50 మీటర్లు తిరిగి రావాలి కనుక 7 ఓంలు. పగలు కెమెరా 0.2 ఆంపియర్లు తీసుకుంటే దారిలో పోయేది 1.4 వోల్టులు, కెమెరాకు అందేది 10.6. రాత్రి ఇన్‌ఫ్రారెడ్ దీపాలు వెలిగి 0.45 ఆంపియర్లు లాగితే 3.15 వోల్టులు పోయి 8.85 మిగులుతుంది. చాలా కెమెరాలు అక్కడ తడబడతాయి. దీపాలు వెలగ్గానే వోల్టేజీ పడి కెమెరా ఆరిపోతుంది. ఆరగానే లోడు తగ్గి వోల్టేజీ లేస్తుంది, కెమెరా మళ్ళీ మొదలవుతుంది, మళ్ళీ దీపాలు వెలుగుతాయి. తెల్లారేదాకా అదే వరస. పూత అల్యూమినియం వైరైతే అదే దూరానికి నిరోధం దాదాపు 11 ఓంలు, కెమెరాకు అందేది 7 వోల్టులే.

దీనికి మొదటి మందు పైసా ఖర్చు లేనిది. మూడు తీగల్లో ఎరుపును ప్లస్‌కు వాడి, మిగతా రెండింటినీ రెండు కొసల్లోనూ కలిపి మైనస్‌కు ఇవ్వండి. నిరోధం 5.25 ఓంలకు దిగుతుంది, రాత్రి 9.6 వోల్టులు అందుతాయి. మూడో తీగను ఊరికే వదిలేసిన బిగింపులు ఎన్నో కనిపిస్తాయి, ఎందుకు వదిలేస్తారో అర్థం కాదు. ఇంకా చాలకపోతే, ఇంటి కరెంటును 12 వోల్టులుగా మార్చి కెమెరాలకు ఇచ్చే ఎస్‌ఎంపీఎస్ మీదున్న చిన్న స్క్రూ తిప్పి 12ను 12.8 దాకా పెంచవచ్చు. కానీ ఆ పెంపు 9 మీటర్ల దూరంలో ఉన్న పోర్టికో కెమెరాకూ చేరుతుంది. 12కు ఎంత అటూ ఇటూ తట్టుకుంటుందో కెమెరా లేబుల్ మీదో, వివరాల కాగితంలోనో చూసుకున్నాకే తిప్పండి. మూడో దారి, మోటారు గదిలోనే వాన తగలని పెట్టెలో విడిగా ఒక అడాప్టర్ పెట్టడం. ఆ ప్లగ్గు ఇన్వర్టర్ లైను మీద లేకపోతే కరెంటు పోగానే ఆ కెమెరా ఒక్కటే గుడ్డిదవుతుంది.

ఎస్‌ఎంపీఎస్ నాలుగు కెమెరాలకు 12 వోల్టులు, 5 ఆంపియర్లది తీసుకోండి. రాత్రి లోడు 1.8 ఆంపియర్లే అయినా, గాలాడని అటక మీద సగం లోడుకు మించకుండా నడిస్తేనే అది ఎక్కువ కాలం మన్నుతుంది.

వైరును ఇంటి కరెంటు వైర్ల పైపులో దూర్చొద్దు, పక్కపక్కనే కూడా నడపొద్దు. కనీసం ఒక అడుగు ఎడం ఉంచి, దాటాల్సి వస్తే అడ్డంగా దాటించండి. గోడకు రంధ్రం లోపలి నుంచి బయటికి కొంచెం కిందికి వాలేట్టు వేయాలి, ఎదురు వాలుగా వేస్తే వాన నీరు గదిలోకి వస్తుంది. కెమెరా దగ్గర వైరును కిందికి ఒక వంపు తిప్పి పైకి ఎక్కించండి, నీటి బొట్లు ఆ వంపు దగ్గరే జారిపోతాయి. అతుకులన్నీ కెమెరా వెనుక ప్లాస్టిక్ జంక్షన్ బాక్సులోనే ఉండాలి. గేటు కెమెరాను ఇనుప స్తంభానికి నేరుగా బిగిస్తే తెర మీద అడ్డచారలు నెమ్మదిగా పైకి పాకడం చూస్తారు. స్తంభం ఎర్త్‌కూ డీవీఆర్ ఎర్త్‌కూ మధ్య, కోయాక్సియల్ వైరులో నడిమి తీగ చుట్టూ ఉండే లోహపు వల గుండా కరెంటు నడవడమే కారణం. ప్లాస్టిక్ బాక్సు మధ్యలో పెడితే చారలు పోతాయి.

కోయాక్సియల్ వైరు కొసకు వేసే బీఎన్‌సీ కనెక్టర్‌ను కేబుల్ మందానికి తగ్గట్టు క్రింపింగ్ (నొక్కి బిగించే) రకమే వాడండి. తీగలు మెలేసి టేపు చుట్టే రకం కొన్నాళ్ళకే నల్లబడుతుంది. పై తొడుగు తీశాక వలను పూర్తిగా వెనక్కి మడవండి. వలలోని ఒక్క వెంట్రుక నడిమి తీగను తాకినా తెర మీద ‘వీడియో లాస్’ అని వస్తుంది.

ఇక పరీక్ష. కెమెరా తగిలించకుండా కొసన మల్టీమీటరు పెడితే ఎంత పాడు వైరైనా 12 చూపిస్తుంది. కరెంటు పారనప్పుడు నష్టమే ఉండదు. కెమెరా తగిలించి, దాని ముఖాన్ని మందపాటి నల్లగుడ్డతో కప్పండి. చీకటనుకుని దీపాలు వెలిగిస్తుంది, గుడ్డ అంచు సందులోంచి చూస్తే సన్నని ఎర్రటి మెరుపు కనిపిస్తుంది. అప్పుడు డీసీ పిన్ను దగ్గర వోల్టేజీ కొలిచి, ఒక్కో కెమెరా పేరు పక్కన కాగితం మీద రాసుకోండి. 10.5కు తగ్గినదాన్ని పైన చెప్పిన వరసలోనే సరిచేయండి.

నాలుగు అంకెలున్న ఆ కాగితాన్ని డీవీఆర్ మూత లోపల అంటించండి. నాలుగో పాఠంలో హార్డ్ డిస్కు, రికార్డింగు రోజుల లెక్క.