హాబీ గది లేదా? ఒక ప్లైవుడ్ పలక చాలు

మగవాళ్లు తమకంటూ ఒక గది కోరుకునేది చాలాసార్లు ఒంటరిగా కూర్చోవడానికి కాదు, సగం విప్పిన రేడియోని ఎవరూ కదపకుండా ఉంటారని. డైనింగ్ టేబుల్ మీద ఆ సుఖం లేదు, పూటపూటకీ అన్నీ ఎత్తాల్సిందే.

12 మి.మీ. ప్లైవుడ్‌ని 60 × 45 సెం.మీ. కొలతకి కోయించండి. నాలుగు అంచులకీ పలక మీద 2 సెం.మీ. లేచేలా చెక్క బీడింగ్ (సన్నని చెక్క పట్టీ) కొట్టండి, స్క్రూలు దొర్లి పడవు. అడుగున మూలలకి ఫెల్ట్ (మందపాటి మెత్తని గుడ్డ) ముక్కలు అంటిస్తే టేబుల్‌కి గీతలు పడవు. పని ఆపినప్పుడు పలకతో సహా మంచం కిందకి తోసేయడమే. కోయించే ముందు మంచం కింద ఎత్తు కొలుచుకోండి. పెట్టబోయే వస్తువు పలక మీద ఉండగా పైన రెండు వేళ్ల ఖాళీ మిగలాలి.

ఇంకోటి: మాస్కింగ్ టేపుని జిగురు వైపు పైకి ఉండేలా పలక అంచున పరిచి, స్క్రూలని విప్పిన వరుసలోనే దాని మీద అంటించండి. పక్కన చెక్క మీద పెన్సిల్‌తో 1, 2, 3 అని రాస్తే వారం తర్వాత కూడా ఏది ఎక్కడిదో తికమక ఉండదు.

ఆరని పెయింటు, జిగురు ఉన్న పనికి మాత్రం ఇది కుదరదు. మంచం కింద గాలాడదు, దుమ్మంతా అంటుకుంటుంది. వైర్లు అతికించే సోల్డరింగ్ ఐరన్ పూర్తిగా చల్లారినా సరే, విడిగానే పెట్టండి.