మెత్తటి సీటు కాదు, గట్టి సీటు కావాలి

నెలకోసారి తిరుపతి నుంచి బెంగళూరుకు బైక్ మీదే వెళ్తాను, దాదాపు 250 కిలోమీటర్లు. చిత్తూరు దాకా ఏమీ తెలిసేది కాదు. పలమనేరు వచ్చేసరికి తొడలు మొద్దుబారిపోయేవి. మెత్తటి జెల్ ప్యాడ్ వేసి చూశాను. కాసేపటికే అణిగిపోయింది, పైగా ఎండకు కాలిపోయేది.

కూర్చున్నప్పుడు బరువంతా పిరుదుల కింది రెండు ఎముకల మీద పడాలి. ఫోమ్ మరీ మెత్తగా ఉంటే అవి దిగబడిపోయి, ఆ ఒత్తిడి తొడలకు పాకుతుంది. సీటును పిడికిలితో గట్టిగా నొక్కండి. అడుగున ప్లాస్టిక్ తగిలిందంటే ఆ ఫోమ్ పని అయిపోయినట్టే.

సీటు ఊడదీసి, రెక్సిన్ చుట్టూ ఉన్న పిన్నులను స్క్రూడ్రైవర్‌తో ఒక్కొక్కటే లేపండి. తొందరపడితే రెక్సిన్ చిరుగుతుంది. ఎముకలు ఆనే చోట అంగుళం లోతున పాత ఫోమ్ కోసి, పరుపుల్లో వాడే గట్టి రీబాండెడ్ ఫోమ్ ముక్క పెట్టండి. జిగురు రెండు వైపులా రాసి, వేలికి అంటనంత ఆరాకే అతికించాలి. అంచులు ఉప్పుకాగితంతో నున్నగా రుద్ది, పైన పలుచటి మెత్తటి ఫోమ్, దాని మీద వాన నీళ్లు దిగకుండా పాలిథిన్ షీటు పరవండి.

రెక్సిన్‌ను అరగంట ఎండలో పెడితే బాగా సాగుతుంది. మన ఊళ్లో ఎండకేం కరువు! ముందు, వెనక లాగి బిగించాకే పక్కలకు రండి. మొదట నాలుగైదు పిన్నులే కొట్టి శ్రీకాళహస్తి దాకా వెళ్లి రండి. ట్యాంకు వైపు జారుతుంటే ముందు భాగం కాస్త ఎత్తు చేసి, అప్పుడు మిగతా పిన్నులు కొట్టండి.