సీఓపీడీ ఆయాసం ముదిరితే బైపాప్ మాస్కు: పక్కనున్నవారు చేయవలసినవి

ఏళ్ల తరబడి లంక పొగాకు చుట్టలు కాల్చినవారికీ, కట్టెల పొయ్యి పొగలో వంటచేసిన ఆడవారికీ మన గోదావరి లంకల్లో సీఓపీడీ, అంటే ఊపిరిగొట్టాలు ఇరుకై ఏళ్ల తరబడి ఆయాసపెట్టే ఊపిరితిత్తుల జబ్బు, కొత్త కాదు. నూర్పిళ్ల దుమ్ము లేచే రోజుల్లోనో, భోగి మంటల పొగ కమ్మినప్పుడో, ఒక్కోసారి ఉత్త జలుబుతోనో అది ఉన్నట్టుండి తిరగబెడుతుంది. మనిషి ముందుకు వంగి, మోకాళ్ల మీద చేతులు ఆనించి, ఒక్క మాట కూడా పూర్తిగా పలకలేకపోతుంటే 108కి ఫోను చేయాలి. రేవు దాటవలసిన ఊరైతే చీకటి పడేదాకా ఆగకూడదు. రాత్రంతా ఆయాసపడిన మనిషి తెల్లవారుజామున మత్తుగా కళ్లు మూస్తే నిద్రపట్టిందని ఊరట చెందకండి. ఊపిరి కండరాలు అలసిపోయి, బయటికి పోవలసిన కార్బన్ డయాక్సైడ్ రక్తంలో పేరుకుపోతున్నదనడానికి అది గుర్తు కావచ్చు.

ఇంట్లో ఆక్సిజన్ యంత్రం ఉన్నవారు కంగారులో దాన్ని పూర్తిగా తిప్పేస్తారు. అది ప్రేమతో చేసే పనే గాని, ఈ రోగుల్లో ఆక్సిజన్ మితిమీరితే కార్బన్ డయాక్సైడ్ ఇంకా పెరుగుతుంది. వేలికి పెట్టే ఆక్సీమీటరులో 88 నుంచి 92 శాతం ఉంటే చాలు.

ఆసుపత్రిలో మణికట్టు ధమని నుంచి రక్తం తీసి పరీక్షిస్తారు. పీహెచ్ (రక్తంలో ఆమ్లం పెరిగేకొద్దీ తగ్గే అంకె) 7.35 కన్నా తగ్గి, కార్బన్ డయాక్సైడ్ 45 మిల్లీమీటర్ల పాదరస ఒత్తిడి దాటి ఉంటే, మందును పొగమంచులా పీల్పించే నెబ్యులైజర్, స్టెరాయిడ్ మందులతో పాటు బైపాప్ అనే మాస్కు యంత్రం పెట్టడం మామూలు పద్ధతి. గొంతులో గొట్టం వేయకుండానే ఈ యంత్రం ఊపిరి పీల్చేటప్పుడు గాలిని ఎక్కువ ఒత్తిడితో లోపలికి నెట్టి, వదిలేటప్పుడు ఆ ఒత్తిడిని తగ్గిస్తుంది. సాధారణంగా లోపలికి 10 నుంచి 15, బయటికి 4 లేక 5 సెంటీమీటర్ల నీటి ఒత్తిడితో మొదలుపెట్టి, రోగిని చూస్తూ పెంచుతారు. ఆ అంకెలను డాక్టరుగారికి వదిలేయండి. మాస్కు మాత్రం మీరూ కనిపెట్టి చూడాలి.

మొదటి గంటే అన్నిటికన్నా కష్టం. ముఖం మీదికి గాలి ఒక్కసారిగా కొట్టేసరికి ఊపిరాడడం లేదని రోగి మాస్కు పీకేయబోతారు. అందుకని పట్టీలు బిగించక ముందు, నర్సుగారిని అడిగి, మాస్కును ఆయన చేతికే ఇచ్చి ముక్కు, నోటి మీద ఆనించుకోనివ్వండి. "తాతగారండీ, గాలి దానంతటదే వస్తుందండి, దానితో పోట్లాడకండి" అని చెవి దగ్గర మెల్లగా చెబుతూ, నాలుగు ఊపిర్లు కుదిరాక పట్టీలు పెట్టించండి. పట్టీ కింద రెండు వేళ్లు దూరాలి. కళ్లలోకి గాలి కొడుతుంటే మాస్కు సరిగా కూర్చోలేదన్నమాట. కట్టుడు పళ్లు వదులుగా లేకపోతే ఉంచితేనే బుగ్గలు లోపలికి పోక మాస్కు అతుక్కుంటుంది. గాలి బయటికి పోయే చిన్న రంధ్రాలకు దుప్పటి అడ్డుపడనివ్వకండి. ముక్కుదూలం మీద చర్మం ఎర్రబడితే అప్పుడే చెప్పండి, పుండు పడ్డాక కాదు.

తలవైపు మంచం ఎత్తి ఉంచాలి. మంచినీళ్లయినా, జావ అయినా నర్సుగారు మాస్కు తీసిన విరామంలోనే పట్టాలి. వాంతి వచ్చేలా ఉంటే అడగడానికి ఆగకుండా మాస్కు తీసి, రోగిని పక్కకు తిప్పి, కేకవేయండి. కళ్లె ఎక్కువై దగ్గలేకపోయినా, మత్తు పెరిగినా వెంటనే చెప్పాలి.

గంట, రెండు గంటల్లో రక్తపరీక్ష మళ్లీ చేస్తారు. పీహెచ్ పెరిగి, ఊపిరి వేగం తగ్గితే దారిలో పడినట్టే. లేకపోతే గొంతులో గొట్టం వేసి వెంటిలేటరు పెట్టే మాట వస్తుంది. అది తనకు కావాలో వద్దో, తెలివి నిలకడగా ఉన్నప్పుడే పెద్దాయనను అడిగి, ఆయన చెప్పిన మాటను డాక్టరుగారికి ముందే చేరవేయండి.