రెండు మూడు కార్లలో ఔట్‌బ్యాక్‌కి వెళ్తుంటే

ఆస్ట్రేలియాలో ఉన్నవాళ్లు జూన్, జూలై చలికాలం సెలవుల్లో గుంపుగా ఔట్‌బ్యాక్‌లో, అంటే దేశం లోపలి ఎడారి ప్రాంతంలో, ఆలిస్ స్ప్రింగ్స్ ఊరి నుంచి ఉలురు అనే పెద్ద ఎర్రరాతి కొండకి కార్లేసుకుని బయల్దేరుతుంటే, ఒక్కో కారులో ఒక యూహెచ్‌ఎఫ్ రేడియో (వాకీటాకీ లాంటిది) పెట్టుకోండి. చేతిలో పట్టుకునేదైనా చాలు. దాదాపు 450 కిలోమీటర్ల దారి, మధ్యలో చాలాచోట్ల ఫోన్ సిగ్నల్ ఉండదు, వాట్సాప్ గ్రూప్ అక్కడ ఎందుకూ పనికిరాదు. మీ కబుర్లకి ఛానల్ 18 వాడండి, క్యాంపింగ్‌కి వెళ్లేవాళ్లు మామూలుగా వాడేది అదే. 40లో లారీ డ్రైవర్లు ఉంటారు. 50 మీటర్లు దాటిన రోడ్ ట్రైన్‌ని (వరసగా ట్రైలర్లు తగిలించిన లారీని) ఓవర్‌టేక్ చేయాలంటే ముందు అందులో ఒక మాట అడగండి, ఎదురుగా ఏమైనా వస్తోందో లేదో వాళ్లకే బాగా కనిపిస్తుంది (అయినా మీ కళ్లతో చూసుకున్నాకే దాటాలి). 5, 35 మాత్రం ముట్టుకోవద్దు, అవి ఎమర్జెన్సీకే.

చీకటి పడకముందే టెంట్ వేసేయండి, ఆ వేళకి కంగారూలు రోడ్డెక్కుతాయి. పగలు ఎండ చూసి మోసపోవద్దు, రాత్రి సున్నా డిగ్రీల దాకా పడిపోతుంది, మంచి స్లీపింగ్ బ్యాగ్ లేకపోతే నిద్ర ఉండదు. కారు ఆగిపోతే దాన్ని వదిలి నడుచుకుంటూ మాత్రం వెళ్లకండి, వెతికేవాళ్లకి మనిషి కంటే కారే త్వరగా కనపడుతుంది.