లైనక్స్ సర్వర్ పాఠాలు – 6: సర్వర్ టైమ్ తప్పితే ఎక్కడ వెతకాలి?

గత పాఠంలో, టైమ్ సర్వర్లను అడిగి మన సర్వర్ గడియారాన్ని సరిదిద్దే క్రోనీ అనే ప్రోగ్రామ్ ఇన్‌స్టాల్ చేసి, టైమ్ సర్వర్ల పేర్లు రాసి, సర్వీసు స్టార్ట్ చేశాం. అంతా సవ్యంగా ఉందనుకున్నాక టైమ్ తప్పితే ఏం చూడాలన్నది ఈ పాఠం.

నేను పనిచేసిన ఒక ఆఫీసులో ఒకరోజు కొత్త సర్వర్‌లోకి ఎవరూ లాగిన్ కాలేకపోయారు. పాస్‌వర్డ్ సరైనదే. ఫోన్‌లో యాప్ చూపించే ఆరంకెల కోడ్‌నే సర్వర్ ఒప్పుకోవడం లేదు. యాప్ తీసేసి మళ్లీ వేశాం, క్యూఆర్ కోడ్ మళ్లీ స్కాన్ చేశాం. గంటన్నర టెన్షన్ పడ్డాక ఎవరో కన్సోల్‌లో డేట్ అని కొట్టి, ఫోన్ పక్కన పెట్టి చూశారు. సర్వర్ రెండు నిమిషాలు వెనక ఉంది. ఆ కోడ్ 30 సెకన్లకోసారి మారుతుంది. ఫోనూ సర్వరూ ఎవరి గడియారం చూసి వాళ్లు లెక్క కట్టుకుంటాయి. రెండు నిమిషాల తేడా ఉంటే ఇక కలిసేదెలా?

అప్పుడు గడియారం స్థితి చూపించే టైమ్‌డేట్‌సీటీఎల్ కమాండ్ కొట్టాం. అందులో రెండు లైన్లు చూడండి. ఒకటి ఎన్‌టీపీ సర్వీస్ (నెట్‌వర్క్ మీద టైమ్ తెచ్చుకునే సర్వీసు, మనకైతే క్రోనీ) యాక్టివ్ అంటుంది. ఇంకోటి సిస్టమ్ క్లాక్ సింక్రనైజ్డ్ అని మొదలై, యెస్ అనో నో అనో ముగుస్తుంది. మాకు మొదటిది యాక్టివ్, రెండోది నో. సర్వీసు నడుస్తోందంటే టైమ్ అందుతోందని కాదు. సర్వర్ పెట్టిన రోజు మేం మొదటి లైన్ చూసి సరిపెట్టుకున్నాం. తప్పంతా అక్కడే జరిగింది.

రెండో లైన్‌లో నో కనిపిస్తే సర్వీసు రీస్టార్ట్ చేయకండి, చేత్తో టైమ్ మార్చకండి. ముందు క్రోనీసీ సోర్సెస్ కొట్టండి, క్రోనీ టైమ్ అడిగే సర్వర్ల (సోర్సుల) లిస్టు వస్తుంది. లిస్టు ఖాళీగా వస్తే సాధారణంగా డీఎన్ఎస్ సమస్యే, పేర్లకు అడ్రసులు దొరకడం లేదు. పేర్లు కనిపిస్తూ వాటి ముందు ప్రశ్నార్థకం ఉంటే ఆ సోర్సు ఇంకా వాడకానికి పనికి రాలేదని అర్థం. నక్షత్రం ఉన్నదే ఇప్పుడు వాడుతున్న సోర్సు.

ఆ వరుసలో రీచ్ అనే కాలమ్ ఉంటుంది. చాలామంది దాన్ని చదవరు. నా దృష్టిలో ఈ పాఠం మొత్తానికి అదే ముఖ్యం. అందులో 377 అని ఉంటే మూడువందల డెబ్బై ఏడు అని చదవకూడదు. అది ఆక్టల్ అంకె, అంటే 0 నుంచి 7 దాకా అంకెలతోనే రాసే లెక్క. ఒక్కో అంకెను మూడు బిట్లుగా విడదీస్తే 11 111 111 వస్తుంది (మొదటి 3కు రెండు బిట్లే చాలు). 1 అంటే జవాబు వచ్చింది, 0 అంటే రాలేదు. అంటే చివరి ఎనిమిది సార్లు అడిగితే ఎనిమిదిసార్లూ జవాబు వచ్చింది. కుడి చివరి బిట్ అన్నిటికన్నా కొత్తది. కాబట్టి 17 అంటే 00 001 111, ఈమధ్యే స్టార్టయి, నాలుగు జవాబులు అందాయి. 360 అంటే 11 110 000, మొన్నటిదాకా బాగానే ఉండి, చివరి నాలుగుసార్లు జవాబు లేదు. ఒక్క అంకెలో ఎప్పటినుంచి చెడిందో తెలిసిపోతుంది.

మాకు అన్ని సోర్సులకూ 0 వచ్చింది. పింగ్ మాత్రం వెళ్తోంది! పింగ్‌ది వేరే దారి, టైమ్ వెళ్లేది యూడీపీ 123 పోర్టులో. వచ్చిపోయే ప్యాకెట్లను చూపించే టీసీపీడంప్‌తో ఆ పోర్టును చూస్తే 48 బైట్ల ప్యాకెట్లు బయటికి పోతున్నాయి, తిరిగి ఒక్కటీ రావడం లేదు. ఫైర్‌వాల్‌లో ఆ పోర్టు మొదటినుంచీ తెరవనే లేదు.

లెక్క కూడా సరిపోయింది. దిద్దేవాళ్లు లేని గడియారం పది లక్షల్లో 20 వంతులు తప్పడం మామూలే. రోజుకు 86,400 సెకన్లు, అంటే తేడా దాదాపు 1.7 సెకన్లు. సర్వర్ పెట్టి 70 రోజులు. 119 సెకన్లు!

పోర్టు తెరిపించేముందు ఒక్క విషయం ఆలోచించండి. క్రోనీ సెట్టింగ్స్‌లో మేక్‌స్టెప్ 1.0 3 అని ఉంటే, స్టార్టయ్యాక మొదటి మూడు సవరణల్లో సెకనుకు మించిన తేడా కనిపిస్తే గడియారాన్ని ఒక్కసారిగా దూకిస్తుంది. ముందుకు దూకితే లాగ్‌లో రెండు నిమిషాల ఖాళీ, అంతే. వెనక్కి దూకితే మాత్రం గడిచిన టైమే మళ్లీ వస్తుంది. డేటాబేస్ నడుస్తున్న సర్వర్‌లో అది నాకు నిజంగా భయం. అలాంటిచోట ఆ లైన్ తీసేసి రీస్టార్ట్ చేస్తే మెల్లగా సర్దుతుంది. మామూలు సెట్టింగ్‌లో క్రోనీ గరిష్ఠ వేగం 12 సెకన్లకు ఒక సెకను. రెండు నిమిషాలు సర్దడానికి కనీసం 24 నిమిషాలు పడుతుంది. ఓపిక పట్టండి.

ఇండియాలో సర్వర్లు నడిపేవారికి ఇంకో మాట. కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాల ప్రకారం ఎన్‌ఐసీ (నేషనల్ ఇన్ఫర్మాటిక్స్ సెంటర్) లేదా నేషనల్ ఫిజికల్ లేబొరేటరీ టైమ్ సర్వర్లతో, లేదా వాటిని అనుసరించే సర్వర్లతో సింక్ చేయాలి.

ఈ వారం అభ్యాసం టెస్ట్ మెషీన్‌లో మాత్రమే చేయండి. సోర్సు లైన్ చివర మ్యాక్స్‌పోల్ 6 చేర్చండి, అప్పుడు క్రోనీ ఒకసారి అడిగాక మళ్లీ అడగడానికి 64 సెకన్లకు మించి ఆగదు. రీచ్ 377కి వచ్చాక బయటికి వెళ్లే 123 పోర్టును మూసి, నిమిషానికోసారి చూస్తూ కాగితం మీద రాసుకోండి. 376, 374, 370 అని దిగుతుంది. ఆ తర్వాత సున్నా దాకా వచ్చే అంకెలను ముందే బిట్లలో లెక్కగట్టి, స్క్రీన్ మీద వచ్చేవాటితో పోల్చుకోండి. వచ్చే పాఠంలో మన నెట్‌వర్క్‌కు మనమే టైమ్ సర్వర్ పెట్టుకుందాం.